పాతిక వేలలో బేస్ గిటార్ అప్‌గ్రేడ్: ఏది ముందు, ఏది తర్వాత

ఎనిమిది, పది వేలకు కొన్న మొదటి బేస్ గిటార్‌తో ఒకటి రెండేళ్ళు గడిచాక దాదాపు అందరికీ ఒకటే అనిపిస్తుంది: ఇక దీన్ని మార్చాలి. అప్పటికి వేళ్ళు కుదురుకుంటాయి, చెవి పదునెక్కుతుంది, చేతిలో ఉన్న వాయిద్యం వెనకబడినట్టు తోస్తుంది. హనుమకొండ, కాజీపేట, కరీంనగర్, మంచిర్యాల వైపు చర్చి క్వయర్లలో, పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో, కాలేజీ బ్యాండుల్లో వాయించేవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న కూడా ఇదే: పాతిక వేలున్నాయి, ఏ బేస్ కొనమంటారు?

మోడల్ పేరు చెప్పే ముందు ఒక షరతు పెడతాను. సౌండ్ నచ్చలేదని బేస్ మార్చకండి. చేతికి అడ్డొస్తోందని తేలితే మార్చండి. సౌండ్‌ను బాగుచేసే వస్తువులు, అంటే స్ట్రింగ్స్, కేబుల్, డీఐ బాక్స్ (బేస్‌ను మిక్సర్‌కు కలిపే చిన్న పెట్టె), యాంప్, చివరికి పికప్పులు (స్ట్రింగ్ కదలికను సిగ్నల్‌గా మార్చే అయస్కాంత భాగాలు) కూడా, విడిగా దొరుకుతాయి. వాటిలో చాలావరకు రేపు కొత్త బేస్ కొన్నా పనికొస్తాయి. నెక్ మెలి తిరిగినా, ఫ్రెట్లు (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) ఎగుడుదిగుడుగా ఉన్నా, ట్యూనింగ్ కీలు పాట మధ్యలో జారిపోతున్నా మాత్రం చవకైన మందు లేదు. అప్పుడే డబ్బు పెట్టి వాయిద్యాన్ని మార్చాలి. ఈ రెండింటిలో మీ సమస్య ఏదో తెలుసుకోకుండా దుకాణానికి వెళ్తే పాతిక వేలు పెట్టి తెచ్చిన బేస్ కూడా అదే మిక్సర్‌లో అదే మొద్దు సౌండ్ ఇస్తుంది.

ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోండి

బేస్‌లో ఓపెన్ ఈ (E) స్ట్రింగ్, అంటే ఏ ఫ్రెట్టూ నొక్కకుండా, మోగేది సుమారు 41 హెర్ట్జ్ దగ్గర. ఏ (A) 55, డీ (D) 73, జీ (G) 98. ఇంట్లో వాడే చిన్న ప్రాక్టీస్ యాంప్‌లో ఎనిమిది అంగుళాల స్పీకర్ ఉంటే అది 41 హెర్ట్జ్‌ను సరిగా పలకలేదు. పై స్వరాంశాలను మాత్రమే పలికిస్తుంది, మిగతాది మన చెవి ఊహించుకుంటుంది. కాబట్టి ఆ యాంప్‌లో విని బేస్‌కు మార్కులు వేయడం అన్యాయం.

ఒక సాయంత్రం ఈ పరీక్షలు చేయండి. మంచి హెడ్‌ఫోన్స్‌తో, ఆడియో ఇంటర్‌ఫేస్ ద్వారానో చిన్న హెడ్‌ఫోన్ యాంప్ ద్వారానో మీ బేస్ వినండి. స్నేహితుడి మంచి బేస్‌ను మీ యాంప్‌కు తగిలించి వినండి. తర్వాత మీ బేస్‌ను వాళ్ళ యాంప్‌కు తగిలించండి. అతని బేస్ మీ యాంప్‌లో కూడా మీ బేస్ లాగే వినిపిస్తే తప్పు యాంప్‌ది. మీ బేస్ అతని యాంప్‌లో ఒక్కసారిగా బతికినట్టు వినిపిస్తే మీ సగం సమస్య అక్కడే తేలిపోయింది.

రెండో పరీక్ష చేతికి. ట్యూనర్ పెట్టుకుని నాలుగు స్ట్రింగ్స్ మీద ఒక్కో ఫ్రెట్ నొక్కుతూ నెమ్మదిగా పైదాకా వెళ్ళండి. ఏ ఫ్రెట్ దగ్గర జరజరమంటోంది, ఏ స్వరం వెంటనే చచ్చిపోతోంది, ఏది శ్రుతి తప్పుతోంది, కాగితం మీద రాసుకోండి. ఆ కాగితాన్ని దాచండి, సెట్టింగ్ అయ్యాక మళ్ళీ ఇదే పరీక్ష చేయాలి.

స్ట్రింగ్స్, తర్వాత సెట్టింగ్

చవక బేస్‌లు ఫ్యాక్టరీ నుంచి సరిగా సెట్ కాకుండా వస్తాయి. స్ట్రింగ్స్ ఎత్తుగా ఉంటాయి, నెక్ వంగి ఉంటుంది. చాలామంది వాటిని అలాగే రెండేళ్ళు వాయించి, వేళ్ళు నొప్పి పుట్టి, బేస్ బాగాలేదని తేల్చేస్తారు. కొత్త స్ట్రింగ్స్‌కు సుమారు రెండు వేలు, పనిముట్లకు కొన్ని వందలు. ఈ గైడ్‌లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత తేడా తెచ్చే మెట్టు ఇంకోటి లేదు, అందుకే దీని మీద ఎక్కువసేపు ఉంటాను.

స్ట్రింగ్స్ మామూలుగా .045 నుంచి .105 సెట్ (మందం, అంగుళాల్లో) తీసుకోండి. వేళ్ళకు బరువనిపిస్తే .040 నుంచి .100. నికెల్ పూత ఉన్న రౌండ్‌వౌండ్ (గుండ్రటి తీగ చుట్టినవి) అన్ని రకాల పాటలకూ సరిపోతుంది. జానపదాలు, పాత సినిమా పాటలు ఎక్కువగా వాయించేవాళ్ళు ఫ్లాట్‌వౌండ్ (చదునైన తీగ చుట్టినవి) ఒకసారి ప్రయత్నించాలి. అవి నున్నగా ఉంటాయి, వేలు జరిగినప్పుడు కీచుమనవు, స్వరం గుండ్రంగా, మందంగా వస్తుంది. ధర ఎక్కువే, కానీ ఏళ్ళ తరబడి ఉంటాయి. ఎక్కించేటప్పుడు ఒక జాగ్రత్త: పొడవు ఎక్కువైన స్ట్రింగ్‌ను ముందు ఎల్ ఆకారంలో మడిచి, మడత దాటాక కత్తిరించండి. మడవకుండా కోస్తే పైన చుట్టిన తీగ లోపలి తీగ మీద వదులైపోతుంది. కీ చుట్టూ రెండు మూడు చుట్లు కిందికి దిగేలా పడితే చాలు.

ఇక సెట్టింగ్. కావలసినవి అలెన్ కీలు, చిన్న స్క్రూడ్రైవర్, మిల్లీమీటర్ గీతలున్న స్టీలు స్కేలు, ట్యూనర్. ఫీలర్ గేజ్ ఉంటే ఇంకా మంచిది. బైకు, కారు మెకానిక్‌లు వాడేదే, ఆటో స్పేర్ పార్ట్స్ దుకాణంలో దొరుకుతుంది. వరస మార్చకండి: నెక్, ఎత్తు, ఇంటొనేషన్, పికప్ ఎత్తు. ముందుది మారితే తర్వాతవన్నీ మారతాయి.

నెక్‌తో మొదలుపెట్టండి. శ్రుతి చేసి, ఈ (E) స్ట్రింగ్‌ను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, నెక్ బాడీలో కలిసే చోటి ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కండి. మధ్యలో ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర స్ట్రింగ్‌కు, ఫ్రెట్‌కు మధ్య సుమారు 0.3 మిల్లీమీటర్ల సందు ఉండాలి. మామూలు విజిటింగ్ కార్డు మందం అంతే. సందు అసలు లేకపోతే నెక్ వెనక్కి వంగింది, కింది ఫ్రెట్లన్నీ జరజరమంటాయి. సందు ఎక్కువుంటే ముందుకు వంగింది, మధ్యలో నొక్కడం కష్టమవుతుంది. ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపును సర్దే లోహపు కడ్డీ) నట్టును గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే సందు తగ్గుతుంది, ఎదురు తిప్పితే పెరుగుతుంది. ఒక్కసారికి పావు చుట్టు, అంతకు మించి వద్దు. మళ్ళీ శ్రుతి చేయండి, మళ్ళీ చూడండి. నట్టు గట్టిగా ఉండి కదలకపోతే బలవంతం చేయకండి, ఆగిపోండి. రాడ్ విరిగితే ఆ నెక్ పోయినట్టే.

ఒక్క మాట, మన ఎండల గురించి. వరంగల్, రామగుండం వైపు మేలో 43, 44 డిగ్రీలు మామూలే. గాలి పొడిబారితే చెక్క తేమ కోల్పోతుంది, నెక్ వెనక్కి జరిగి సందు తగ్గుతుంది. ఫింగర్‌బోర్డు కుంచించుకుపోయి ఫ్రెట్ల అంచులు బయటికి పొడుచుకొచ్చి అరచేతికి గుచ్చుకుంటాయి. వానలు పడ్డాక దీనికి రివర్స్ జరుగుతుంది. కాబట్టి ఏడాదికి రెండుసార్లు, ఎండలు ముదిరినప్పుడు ఒకసారి, వానలు కుదురుకున్నాక ఒకసారి, నెక్ చూసుకోవాలి. గుచ్చుకునే అంచులను సన్నటి ఆకురాయితో జాగ్రత్తగా నున్నగా చేయవచ్చు. క్రిస్మస్ కార్యక్రమానికో, పెళ్ళి ప్రోగ్రామ్‌కో రెండు రోజుల ముందు మాత్రం నెక్ జోలికి వెళ్ళకండి.

తర్వాత ఎత్తు. 17వ ఫ్రెట్ దగ్గర, ఫ్రెట్ పై అంచు నుంచి స్ట్రింగ్ అడుగు దాకా కొలవండి. ఈ (E) స్ట్రింగ్‌కు 2.4, జీ స్ట్రింగ్‌కు 2 మిల్లీమీటర్లు మంచి మొదలు. మెత్తగా వాయించేవాళ్ళు ఇంకొంచెం దించుకోవచ్చు, గట్టిగా లాగేవాళ్ళు ఇంకొంచెం పెంచుకోవాలి. బ్రిడ్జ్ (బాడీ మీద స్ట్రింగ్స్ చివర ఉండే భాగం) మీద శాడిల్ (ఒక్కో స్ట్రింగ్ ఆనే ముక్క) స్క్రూలతో ఇది సర్దుతారు. చేతిలో వింటే కొద్దిగా జరజర ఉండి యాంప్‌లో వినపడకపోతే దాన్ని పట్టించుకోకండి. ఆ కొద్ది జరజర లేకుండా చేయాలని ఎత్తు పెంచితే వేళ్ళే నష్టపోతాయి.

ఇంటొనేషన్ అంటే కింద ఉన్న శ్రుతి పైన కూడా నిలబడటం. 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ (నొక్కకుండా వేలు తాకించి మీటే స్వరం) మోగించి ట్యూనర్‌లో చూడండి, తర్వాత అదే ఫ్రెట్ నొక్కి మోగించండి. నొక్కిన స్వరం ఎక్కువ చూపిస్తే శాడిల్‌ను వెనక్కి, అంటే నెక్‌కు దూరంగా జరపండి. తక్కువ చూపిస్తే ముందుకు. ఈ పని పాత స్ట్రింగ్స్ మీద చేయడం శుద్ధ దండగ, అవి ఏ ఫ్రెట్ దగ్గరా నిజం చెప్పవు.

నట్ (నెక్ పై చివర స్ట్రింగ్స్ ఆనే గాళ్ళున్న పట్టీ) కూడా చూడండి. ఈ (E) స్ట్రింగ్ మొదటి ఫ్రెట్ నొక్కి ఎఫ్ (F) వాయిస్తే ట్యూనర్ ఎప్పుడూ ఎక్కువ చూపిస్తోందా? నట్ గాడి ఎత్తుగా ఉంది. స్ట్రింగ్‌ను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కినప్పుడు మొదటి ఫ్రెట్ మీద కనీ కనపడనంత సందు మాత్రమే ఉండాలి. గాడిని లోతు చేయడానికి ప్రత్యేకమైన ఆకురాళ్ళు కావాలి, ఎక్కువ కోసేస్తే నట్ మార్చాల్సిందే, కాబట్టి దీన్ని చేయి తిరిగినవాళ్ళకు వదిలేయడం మేలు. చివరగా పికప్ ఎత్తు: ఆఖరి ఫ్రెట్ నొక్కినప్పుడు స్ట్రింగ్‌కు, పికప్‌కు మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు. మరీ దగ్గరైతే అయస్కాంతం స్ట్రింగ్‌ను లాగి స్వరాన్ని వణికిస్తుంది.

ఇప్పుడు ఆ పాత కాగితం తీయండి. రాసుకున్న లోపాల్లో ఎన్ని పోయాయి? చాలావరకు పోయి ఉంటే మీ బేస్ నెక్ మంచిది. దాన్ని ఇంకో ఏడాది నిశ్చింతగా వాయించవచ్చు, డబ్బును సౌండ్ దారిలో పెట్టండి. ఎత్తు పెంచినా, రాడ్ తిప్పినా ఒకే చోట ఒకే జరజర మిగిలిపోతే ఆ ఫ్రెట్ లేచిందో, నెక్ మెలి తిరిగిందో అర్థం. హెడ్‌స్టాక్ (ట్యూనింగ్ కీలు ఉండే చివర) వైపు నుంచి బాడీ వైపు కన్ను ఆనించి నెక్ అంచుల వెంట చూడండి. రెండు అంచులూ ఒకే తీరున కనిపించాలి. ఒకటి లేచి ఇంకోటి పడితే మెలి. ఈ బేస్‌ను మార్చే సమయం వచ్చింది.

కరకర, హమ్, షాక్

నాబ్ తిప్పినప్పుడు కరకరమంటే పాట్‌లో (నాబ్ కింద తిరిగే ఎలక్ట్రానిక్ భాగంలో) దుమ్ము చేరింది. ఎలక్ట్రానిక్స్ దుకాణంలో దొరికే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పదిసార్లు అటూ ఇటూ తిప్పితే చాలాసార్లు పోతుంది. కేబుల్ కదిపితే సౌండ్ వచ్చి పోతుంటే ఔట్‌పుట్ జాక్ నట్ బిగించండి, లోపల సోల్డర్ ఊడిందేమో చూడండి.

చేయి స్ట్రింగ్స్ మీద పెడితే హమ్ తగ్గి, తీస్తే పెరుగుతోందంటే షీల్డింగ్ (బయటి రొద చేరకుండా ఆపే లోహపు పొర) బాగాలేదు. పికప్పులు, పాట్‌లు కూర్చునే గుంతల లోపల రాగి రేకు టేపు అంటించి, ముక్కలన్నీ ఒకదానికొకటి తగిలేలా చేసి, గ్రౌండ్‌కు ఒక తీగ కలపండి. అన్నీ కలిశాయో లేదో మల్టీమీటర్‌తో చూడండి. జాజ్ రకం సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్పుల్లో ఒకదాన్నే పెంచితే కొంత హమ్ సహజం. రెండూ సమానంగా పెడితే ఒకదాని హమ్‌ను ఇంకోటి కొట్టేస్తుంది.

షాక్ సంగతి వేరు, అది ప్రాణాల మీదికి వచ్చే విషయం. బేస్ స్ట్రింగ్స్ బ్రిడ్జ్ ద్వారా యాంప్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. పెళ్ళి టెంట్లలో, వినాయక మండపాల్లో, జనరేటర్ మీద నడిచే ప్రోగ్రాముల్లో ఎర్తింగ్ సరిగా లేకపోవడం తరచూ చూస్తాం. అక్కడ స్ట్రింగ్స్ మీద చేయి పెట్టి పెదవులు మైకుకు తగిలిస్తే షాక్ కొట్టవచ్చు. మూడో పిన్ను తీసేసిన ప్లగ్గులు, రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్లు వాడనివ్వకండి. మైకు దగ్గరికి వెళ్ళే ముందు స్ట్రింగ్స్‌కు, మైకు జాలీకి మధ్య మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజ్ చూడండి. గట్టిగా కనిపిస్తే సౌండ్ వాళ్ళను పిలిచి సరిచేయించాకే పాడండి. ఎంత తొందర ఉన్నా ఇది మాత్రం మానకండి.

మిక్సర్ దాకా వెళ్ళే దారి

మన దగ్గర చాలా చర్చిల్లో, ఆర్కెస్ట్రాల్లో బేస్‌కు విడిగా యాంప్ ఉండదు. కేబుల్ తెచ్చి నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌లో పెడతారు. సౌండ్ మొద్దుగా, దుప్పటి కింద నుంచి వచ్చినట్టు ఉంటుంది. అందరూ బేస్‌ను తిడతారు. అసలు కారణం ఇంపీడెన్స్, అంటే సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం. బ్యాటరీ లేని పాసివ్ బేస్‌కు ఎదురుగా చాలా పెద్ద ఇంపీడెన్స్ ఉన్న ఇన్‌పుట్ కావాలి, 10 లక్షల ఓమ్‌ల స్థాయిలో. మిక్సర్ లైన్ ఇన్ సాధారణంగా పదుల వేల ఓమ్‌ల దగ్గరే ఉంటుంది. అది పికప్ మీద భారంలా పడి పై స్వరాంశాలన్నీ మింగేస్తుంది.

మందు డీఐ బాక్స్. మూడు నుంచి ఐదు వేల మధ్య పనికొచ్చే యాక్టివ్ డీఐ దొరుకుతుంది. పాసివ్ బేస్‌కు యాక్టివ్ డీఐ తీసుకోండి. అది బ్యాటరీ మీదో, మిక్సర్ ఇచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ మీదో నడుస్తుంది. అందులోంచి మూడు పిన్నుల మైకు కేబుల్‌తో మిక్సర్ మైకు ఇన్‌పుట్‌కు వెళ్ళాలి. దూరం ఎక్కువున్నా హమ్ చేరదు. హమ్ వస్తే డీఐ మీద ఉండే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వేసి చూడండి. కొన్ని మిక్సర్లలో ఒకటి రెండు ఛానెళ్ళకు హై-జెడ్ (పెద్ద ఇంపీడెన్స్) బటన్ ఉంటుంది, అలాంటిది ఉంటే డీఐ లేకుండానే దాన్ని వాడుకోవచ్చు. యాక్టివ్ (బ్యాటరీ ఉన్న) బేస్‌లోని ప్రీయాంప్ (సిగ్నల్‌ను బలపరిచే సర్క్యూట్) ఈ పనిలో సగం తానే చేస్తుంది. అందుకే దాన్ని నేరుగా మిక్సర్‌కు పెట్టినా బాగానే వినిపిస్తుంది.

మిక్సర్ దగ్గర కూర్చునే అన్నతో ఒకరోజు ముందుగా మాట్లాడుకోండి. ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్స్‌లో కిక్ డ్రమ్, కీబోర్డు ఎడమ చేయి, మీ బేస్, మూడూ ఒకే చోట పోట్లాడుకుంటాయి. కీబోర్డు వాయించేవాళ్ళు ఎడమ చేత్తో కింది స్వరాలు తగ్గిస్తే మీ బేస్ ఒక్క నాబ్ కూడా ముట్టకుండానే స్పష్టపడుతుంది. డప్పు, డోలక్ ఉన్న జానపదాల్లో ఇంకో చిన్న పని చేయండి: స్వరాన్ని పొడుగ్గా లాగకుండా దెబ్బకు దెబ్బ కలిపి ఆపేయండి. ఇది ఏ పికప్పూ ఇవ్వలేని స్పష్టత.

సొంత యాంప్ కొనాలనుకుంటే డ్రమ్స్ పక్కన వినపడాలంటే కనీసం 100 వాట్లు కావాలి, పాతిక వేలలో బేస్‌తో పాటు అది రాదు. ఈ బడ్జెట్‌లో డీఐ, ఇంట్లో సాధనకు హెడ్‌ఫోన్స్, ఇదే సరైన జోడీ.

పికప్పులు మార్చాలా?

నెక్ బాగుండి, మిగతా దారి అంతా సరిచేసుకున్నాక కూడా సౌండ్ నీరసంగా ఉంటేనే. సేమూర్ డంకన్, ఈఎంజీ, డిమార్జియో లాంటివి దిగుమతి సరుకు. పది వేల బేస్‌లో ఎనిమిది వేల పికప్పులు పెడితే అమ్మేటప్పుడు ఆ ఎనిమిది వేలు ఎవరూ ఇవ్వరు. పెట్టేవాళ్ళు పాత పికప్ పొడవు, వెడల్పు కొలిచి చూసుకోవాలి. సింగిల్ కాయిల్‌కు 250 కిలోఓమ్, హంబకర్‌కు (రెండు తీగచుట్టలతో హమ్‌ను కొట్టేసే పికప్‌కు) 500 కిలోఓమ్ పాట్‌లు మామూలు లెక్క. పాత పికప్పులు దాచుకోండి, బేస్ అమ్మేటప్పుడు అవే మళ్ళీ బిగించి ఇవ్వవచ్చు.

కొత్తది ఎంచుకోవడం

నెక్ పోయిందని తేలిందనుకుందాం. లెక్క ఇలా వేయండి: చేతిలో 25,000. స్ట్రింగ్స్, పనిముట్లకు రెండున్నర వేలు, డీఐకి నాలుగు వేలు. మిగిలింది పద్దెనిమిదిన్నర. పాత బేస్‌కు నాలుగు వేలు వచ్చినా ఇరవై రెండున్నర వేలు బేస్‌కు పెట్టవచ్చు. మొత్తం పాతిక వేలూ బేస్ మీదే పెట్టేసి లైన్ ఇన్‌లో గుచ్చడం కంటే ఇది చాలా మేలు.

రకాలు ప్రధానంగా రెండు. లియో ఫెండర్ కంపెనీ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్, 1960లో తెచ్చిన జాజ్ బేస్. ఇవాళ మార్కెట్‌లో కనిపించే వాటిలో ఎక్కువ భాగం వీటి వారసులే, 34 అంగుళాల స్కేల్ పొడవు (నట్ నుంచి బ్రిడ్జ్ దాకా) కూడా అక్కడి నుంచి వచ్చిందే. ప్రెసిషన్‌లో 1957 నుంచి ఉన్న రెండు ముక్కల పికప్ హమ్‌ను తానే కొట్టేస్తుంది. సౌండ్ మందంగా, మధ్యలో గట్టిగా ఉంటుంది, గోలగా ఉన్న మిక్స్‌లో కూడా నిలబడుతుంది. జాజ్‌కు రెండు పికప్పులు, నట్ దగ్గర నెక్ సన్నం, సుమారు 38 మిల్లీమీటర్లు. చిన్న చేతులకు హాయి, సౌండ్‌లో రకాలు ఎక్కువ. రెండూ కలిపిన పీజే అమరిక ఈ బడ్జెట్‌లో చాలా దొరుకుతుంది. ఆదివారం చర్చిలో, మంగళవారం పెళ్ళిలో వాయించేవాళ్ళకు నేను పీజేనే చెబుతాను.

యమహా టీఆర్‌బీఎక్స్ 174 పాసివ్ పీజే. ఐబనెజ్ జీఎస్ఆర్ 200 కూడా పీజేనే, అందులో 9 వోల్టుల బ్యాటరీతో నడిచే బేస్ బూస్ట్ ఉంటుంది. స్క్వైర్ అఫినిటీ, కోర్ట్ యాక్షన్ వరుసలు కూడా చూడండి. యమహా టీఆర్‌బీఎక్స్ 304 యాక్టివ్, హంబకర్లు ఉంటాయి, ధర ఒక మెట్టు పైన. సెకండ్ హ్యాండ్‌లో దొరికితే దాన్ని వదలకండి. ఒకే మోడల్‌లో రెండు బేస్‌లు పక్కపక్కన పెట్టినా నెక్‌లు ఒకేలా ఉండవు, కాబట్టి పేరు కంటే చేతిలో ఉన్న ఆ ఒక్క ముక్క ముఖ్యం.

యాక్టివ్ తీసుకుంటే ఒక అలవాటు చేసుకోండి. వాయించడం అయ్యాక కేబుల్ పీకేయాలి. జాక్‌లో కేబుల్ ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. బ్యాగులో ఎప్పుడూ ఇంకో బ్యాటరీ ఉండాలి.

ఐదు స్ట్రింగ్స్ గురించి తప్పకుండా అడుగుతారు. అన్నిటికంటే కింది బీ (B) స్ట్రింగ్ మోగేది దాదాపు 31 హెర్ట్జ్ దగ్గర. చవక ఐదు స్ట్రింగ్స్ బేస్‌లలో అది వదులుగా, స్వరం తెలియకుండా ఊగుతుంది, మన దగ్గరి సౌండ్ బాక్సుల్లో చాలావరకు దాన్ని పలకలేవు కూడా. గాయకులు స్కేల్ (పాట శ్రుతి) తగ్గించమని అడిగినప్పుడు నాలుగు స్ట్రింగ్స్ బేస్‌లోని ఈ (E) స్ట్రింగ్‌ను డీ (D)కి దించుకుంటే చాలా పాటలు నడుస్తాయి. ఈ డబ్బుతో నాలుగు స్ట్రింగ్స్‌లోనే మంచిది కొనమని నా గట్టి సలహా.

చూసి కొనే రోజు

కొత్త బేస్ అయితే సికింద్రాబాద్ వెళ్ళి చేత్తో పట్టుకుని కొనడమే మంచిది. కాజీపేట నుంచి గోల్కొండ, శాతవాహన లాంటి బండ్లున్నాయి, పొద్దున వెళ్ళి రాత్రికి రావచ్చు. ఆదివారం, పండగ రోజులు కాకుండా మామూలు రోజున వెళ్తే దుకాణంలో మీతో కూర్చునే తీరిక వాళ్ళకు ఉంటుంది. బ్యాగులో సొంత కేబుల్, ట్యూనర్, స్టీలు స్కేలు, వీలైతే మీ పాత బేస్ కూడా పెట్టుకోండి. పక్కపక్కన వాయిస్తే తేడా చెవికి వెంటనే తెలుస్తుంది.

అక్కడ వేగంగా వాయించి చూపించాల్సిన పని లేదు. యాంప్ నాబ్‌లన్నీ మధ్యలో పెట్టమనండి. ఒక్కో స్ట్రింగ్, ఒక్కో ఫ్రెట్ నెమ్మదిగా. జీ స్ట్రింగ్ మీద ఐదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్య స్వరం త్వరగా చచ్చిపోతోందా వినండి, ఈ తరహా నెక్‌లలో అక్కడ డెడ్ స్పాట్ రావడం మామూలు, కొద్దిగా ఉంటే సర్దుకోవచ్చు. స్ట్రాప్ వేసుకుని పావుగంట నిలబడండి. బరువు నాలుగు కిలోల లోపుంటే రెండు గంటల ప్రోగ్రామ్ హాయిగా లాగవచ్చు. చేతులు వదిలితే హెడ్‌స్టాక్ కిందికి వాలిపోతోందా చూడండి, అలా వాలితే ఎడమ చేయి ఎప్పుడూ మోస్తూనే ఉండాలి. కీ తిప్పినప్పుడు శ్రుతి వెంటనే కదలాలి, సగం తిప్పాక కదిలితే గేర్ వదులు.

సెకండ్ హ్యాండ్‌లో ఇదే డబ్బుకు ఒక మెట్టు పై బేస్ వస్తుంది, కానీ కళ్ళు తెరిచి ఉండాలి. బయల్దేరే ముందే నెక్ అంచుల వెంట తీసిన ఫోటో, నట్ వెనక హెడ్‌స్టాక్ దగ్గరి ఫోటో, సీరియల్ నంబర్, అన్ని ఫ్రెట్లూ వాయిస్తున్న వీడియో అడగండి. పంపడానికి ఇష్టపడని వాళ్ళ దగ్గరికి టికెట్ పెట్టుకుని వెళ్ళకండి. చూసేటప్పుడు ట్రస్ రాడ్ నట్టు అంచులు అరిగిపోయాయా, ఇప్పటికే చివరిదాకా బిగించేశారా అడిగి, వాళ్ళ ముందే కొద్దిగా తిప్పి చూడండి. ఫ్రెట్ల మీద స్ట్రింగ్ కింద లోతైన గాళ్ళు పడితే ఫ్రెట్ పని ఖర్చు ధరలోంచి తీసేయమనండి. శాడిల్ స్క్రూలు తుప్పు పట్టి కదలకపోతే సెట్టింగ్ అసాధ్యం. గీతలు, రంగు ఊడటం మాత్రం పట్టించుకోకండి, వాటి పేరు చెప్పి ధర తగ్గించమని అడగండి. పాత బిల్లు ఉంటే తీసుకోండి. డబ్బు వాయిద్యం చూశాకే, ముందుగా అడ్వాన్స్ పంపమంటే వద్దనండి.

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పెట్టె విప్పడం మొదటి నుంచి వీడియో తీయండి, వాపసు గడువు లోపలే ఈ పరీక్షలన్నీ పూర్తి చేయండి.

తెచ్చుకున్నాక

ఎండలో ప్రయాణం చేసి వచ్చిన బేస్‌ను ఆ రాత్రే సెట్ చేయకండి. మీ గదిలో ఒకటి రెండు రోజులు ఉండనివ్వండి, తర్వాత కొత్త స్ట్రింగ్స్ ఎక్కించి పైన చెప్పిన వరసలోనే సెట్టింగ్ చేయండి. నెల తర్వాత మళ్ళీ నెక్ చూడండి, కొత్త చోటుకు అలవాటు పడుతూ కొద్దిగా కదిలి ఉంటుంది. వాయించిన ప్రతిసారీ నూలు గుడ్డతో స్ట్రింగ్స్ కింద, పైన తుడవండి. మన చెమటకు వారం తుడవకపోతే నిగారింపు పోతుంది. కారు డిక్కీలో, డాబా మీది రేకుల గదిలో ఎప్పుడూ వదలకండి.

పాత బేస్ డబ్బు లేకుండానే కొత్తది కొనగలిగితే, పాతదాన్ని అమ్మేలోపు కొత్తది రెండు మూడు ప్రోగ్రాముల్లో నిలబడిందో లేదో చూసుకోండి. అమ్మేటప్పుడు సెట్టింగ్ చేసి, ఆ కాగితం మీద మిగిలిన లోపాలు దాచకుండా కొనేవాళ్ళకు చూపించి ధర చెప్పండి. కొనేది కొత్తగా నేర్చుకునే పిల్లాడైతే ట్రస్ రాడ్‌కు సరిపోయే అలెన్ కీ కూడా బ్యాగులో వేసి ఇవ్వండి.